సౌదీ వెళ్తున్న అమ్మానాన్నలకు: ముందు సూట్‌కేసు తెరవండి

మా శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కవిటి, కంచిలి వైపు ఏ వీధిలోకి వెళ్లినా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా కనబడుతుంది. ఒకప్పుడు మగవాళ్లు ఒంటరిగా వెల్డింగ్, ఫిట్టింగ్ పనులకు వెళ్లి రెండేళ్లకోసారి వచ్చేవారు. ఇప్పుడు చదువుకున్న పిల్లలు భార్యాబిడ్డలతో అక్కడే ఉంటున్నారు, మనవల్ని చూసుకోవడానికి అమ్మానాన్నల్ని విజిట్ వీసా మీద పిలిపించుకుంటున్నారు. 2019 సెప్టెంబర్ నుంచి సౌదీ టూరిస్టు వీసాలు కూడా ఇస్తోంది కాబట్టి ఊరికే చూసొద్దామని వెళ్లేవాళ్లూ బయలుదేరారు. మా ఆయన సౌదీలోని జుబైల్‌లో పైపింగ్ పనిలో ఉన్నన్నాళ్లూ నేనూ పిల్లలూ అక్కడే ఉన్నాం. అందుకని టికెట్ చేతికి రాగానే మా వైపు వాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. ఆడవాళ్లు అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "పిన్నీ, అక్కడ ఏటి కట్టుకోవాలి? బురఖా ఏసుకోవాలేటి?"

అక్కర్లేదు. బయటి దేశాల ఆడవాళ్లకు అబాయా, అంటే బట్టల మీద వేసుకునే పొడవాటి వదులు గౌను, తప్పనిసరి కాదని 2019లోనే చెప్పేశారు. తలకు ముసుగు కూడా తప్పనిసరి కాదు. భుజాలు, మోకాళ్లు కప్పుకుని, బిగుతుగా లేని బట్టలు వేసుకుంటే చాలు. చీర కట్టుకోవచ్చు గానీ నడుము, వీపు కనబడకుండా చూసుకోవాలి. నా మటుకు నేను బజారుకు వెళ్తే చీర మీద అబాయా వేసుకునేదాన్ని, నాకు అదే హాయిగా ఉండేది. బొట్టు, మంగళసూత్రం, గాజులు చూసి నన్నెవరూ ఏమీ అనలేదు. మగవాళ్లు లుంగీ, బనీను ఇంటివరకే ఉంచుకోవాలి. మోకాళ్ల పైకి ఉండే నిక్కర్లతో బయటికి వెళ్లకూడదు. బట్టల సంగతి ఇంతే.

బట్టల గురించి ఇంత టెన్షన్ పడేవాళ్లు సూట్‌కేసు గురించీ ఫోన్ గురించీ ఒక్క మాట అడగరు. నేను చూసినంతలో మన పెద్దవాళ్లకు చిక్కులు వచ్చేది ఆ రెండింటితోనే. అందుకే సర్దడం అయిపోయాక కాదు, సర్దుతున్నప్పుడే నన్ను పిలవమంటాను.

ఈ మధ్య మా వీధి చివర ఇంట్లో భార్యాభర్తలు దమ్మామ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి బయలుదేరారు. వాళ్ల వసారాలో కూర్చుని ఒక్కొక్కటే బయటికి తీశాను. పలాస జీడిపప్పు, మామిడి తాండ్ర, ఆవకాయ, కందిపొడి, అన్నీ బాగున్నాయి. అడుగున కొడుక్కి మాంసం కూర ఇష్టమని ఆవిడ తన చేత్తో కొట్టిన మసాలా డబ్బా, దాని పక్కనే ఓ చిన్న గసగసాల పొట్లం. ఆ రెండూ తీసి పక్కన పెట్టాను. "గసగసాలకి కూడా కేసేనా?" అని ఆయన నమ్మలేకపోయాడు. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. మన దగ్గర ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి, అక్కడ మాత్రం వాటిని మత్తుపదార్థాల కిందే చూస్తారు. సౌదీలోనే కాదు, దుబాయ్ వైపు కూడా నిషేధం. దిగగానే సామాను స్కానింగ్‌లో పెడతారు. వంటకోసం తెచ్చుకున్నామని చెప్పడానికి మనకు అరబ్బీ రాదు, వినే ఓపిక వాళ్లకుండాలని లేదు. గసగసాలు కలిపి కొట్టిన మసాలా పొడి కూడా అంతే. గరం మసాలా ప్యాకెట్లు అక్కడి సూపర్‌మార్కెట్లో కావలసినన్ని ఉంటాయి.

తర్వాత మందులు. ఉద్దానం మనుషులం, బీపీ, షుగర్, కిడ్నీ మాత్రలు లేకుండా ఏ పెద్దాయన ప్రయాణమూ ఉండదు. ఆ ఇంట్లో మాత్రలన్నీ స్ట్రిప్పుల్లోంచి ఒలిచి, పొద్దుటివి ఒక కవర్లో, రాత్రివి ఒక కవర్లో పోసి పెట్టుకున్నారు. అలా తీసుకెళ్తే ఏది ఏమిటో ఎవరికీ తెలియదు. స్ట్రిప్పుతోనే, కొన్న బిల్లుతో, డాక్టర్ ఇంగ్లిష్‌లో రాసి స్టాంపు వేసిన చీటీతో చేతి సంచిలో పెట్టుకోవాలి. అసలు చూసుకోవలసింది ఇంకొకటి ఉంది. షుగర్ వల్ల అరికాళ్లు మంటలకు మన డాక్టర్లు రాసే ప్రీగాబాలిన్ సౌదీలో కంట్రోల్డ్ మందుల జాబితాలో ఉంది. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, నిద్రకు వాడే ఆల్‌ప్రజోలామ్, కోడీన్ కలిసిన దగ్గు సిరప్ కూడా ఆ కోవలోవే. ఇలాంటివి వాడక తప్పదంటే, సౌదీ ఫుడ్ అండ్ డ్రగ్ అథారిటీ దగ్గర ఆన్‌లైన్‌లో ముందే అనుమతి తీసుకోమని కొడుక్కి చెప్పండి. లేదా మీ డాక్టర్‌ని అడిగి వేరే మందుకు మారండి. ఆ ఇంటాయన మాత్రల్లో ప్రీగాబాలిన్ ఉంది. అది చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆయన దాన్ని "తిమ్మిర్ల గోలీ" అనే అనుకుంటున్నాడు.

ఇక అన్నిటికన్నా కష్టమైనది, ఇతరుల పార్సిల్. మన ఊళ్లలో ఒకరు విమానం ఎక్కుతున్నారంటే పది మంది పొట్లాలు పట్టుకొస్తారు. "మా అబ్బాయికి పచ్చడి, ఎయిర్‌పోర్టుకే వచ్చి తీసుకుంటాడు" అంటారు. కాదంటే ముఖం మాడ్చుకుంటారు, వాళ్ల అబ్బాయి కూడా మన అబ్బాయిలాంటివాడే. ఆ మొహమాటం నాకు తెలుసు. అయినా చెప్తున్నాను, మూత వేసి టేపు చుట్టిన డబ్బా ఎవరిదైనా ముట్టుకోకండి. సౌదీలో మత్తుపదార్థాల రవాణాకు మరణశిక్ష దాకా ఉంది. సంచి ఎవరి చేతిలో ఉంటే నేరం వాళ్లదే అవుతుంది. పచ్చడి ఇచ్చినావిడకు లోపల ఏముందో తెలిసి ఉండకపోవచ్చు, ఆవిడకూ ఇంకెవరో ఇచ్చి ఉండవచ్చు. నేను చెప్పే పద్ధతి ఇది: "అలాగే వదినా, తెరిచిన గిన్నెలో తీసుకురా, మా ఇంట్లోనే నేను డబ్బాలో పెట్టుకుంటాను" అనండి. మంచి మనసుతో ఇచ్చేవాళ్లు తెస్తారు. ముఖం తెలియని మనిషి, ఎయిర్‌పోర్టులో క్యూలో ఉండగా వచ్చి "ఇది కాస్త పట్టుకెళ్లండి" అంటే మాత్రం మారు మాట్లాడకుండా కాదనండి.

మద్యం సీసా గురించి మగవాళ్లకు వేరేగా చెప్పాలి. విమానాశ్రయంలో డ్యూటీ ఫ్రీలో అమ్ముతున్నారు కదా అని కొనకండి. దుబాయ్‌లో హోటళ్లలో దొరికినట్టు సౌదీలోనూ దొరుకుతుందని అనుకుంటారు. సౌదీలో 1952 నుంచి నిషేధం, విదేశీ యాత్రికులకు సడలింపు ఉందని ఎవరు చెప్పినా నమ్మకండి. ఖైనీ, గుట్కా పొట్లాలు కూడా ఇంట్లోనే వదిలేయండి.

ఇప్పుడు ఫోన్. మన ఆడవాళ్లు మాల్‌కి వెళ్లగానే ఊళ్లో చెల్లెలికి వీడియో కాల్ చేసి, "చూడవే, ఎంత బాగుందో" అంటూ ఫోన్ చుట్టూ తిప్పుతారు. ఆ తిప్పడంలో పక్క కుటుంబం ఆడవాళ్లు పడతారు. అక్కడ అది చాలా పెద్ద విషయం. అడగకుండా మనుషుల్ని ఫోటో తీస్తే 2019లో పెట్టిన మర్యాద నిబంధనల కింద జరిమానా ఉంది. 2007 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం, కెమెరా ఫోన్‌తో ఒకరి వ్యక్తిగత జీవితంలోకి చొరబడితే ఏడాది వరకు జైలు, 5 లక్షల రియాళ్ల వరకు జరిమానా వేయొచ్చు. ఫోటో తీసుకోవాలంటే గోడవైపు తిరిగి మీ మనవడిని మాత్రమే తీసుకోండి. మనుషులే కాదు, సైన్యం ఉండే చోట్లు, రాజభవనాలు, ప్రభుత్వ కార్యాలయాలు, రేవులు, చమురు ప్లాంట్లు కూడా తీయకూడదు. జుబైల్‌లో రాత్రిపూట ప్లాంట్ల మంటలు, దీపాలు చూస్తే ఎవరికైనా ఫోటో తీయబుద్ధవుతుంది. మా ఆయన కారు కూడా ఆపేవారు కాదు.

వాట్సాప్ దానికన్నా ప్రమాదం. మన ఊరి గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే మెసేజీల్లో ఏ మతాన్నో తిట్టేది ఒకటి ఉంటుంది. చదవకుండానే ముందుకు తోసేసే అలవాటు చాలామందికి ఉంది. అదే సైబర్ చట్టం కింద మత విలువలకు, ప్రజా భద్రతకు భంగం కలిగించే వాటిని తయారుచేసినా పంపినా 5 ఏళ్ల వరకు జైలు, 30 లక్షల రియాళ్ల వరకు జరిమానా. మీరు పంపిన దానికి అబ్బాయి ఉద్యోగం కూడా పోవచ్చు. ఉన్నన్నాళ్లూ అలాంటి గ్రూపుల్లోంచి బయటికి వచ్చేయండి, ఫోన్లో పాతవి ఉంటే తుడిచేయండి. రాజకుటుంబం గురించి, వాళ్ల రాజకీయాల గురించి పార్కు బల్ల మీద కూర్చుని కూడా చర్చించకండి.

పూజ సంగతి అడుగుతారు, సిగ్గుపడుతూ అడుగుతారు. ఇంట్లో చిన్న పటం పెట్టుకుని దీపం వెలిగించుకోవచ్చు. నేను నాగుల చవితికి కూడా ఇంట్లోనే పాలు పోసుకున్నాను. గంట గట్టిగా కొట్టడం, పది మందిని పిలిచి భజన గానీ ప్రార్థన కూటం గానీ పెట్టడం, మత పుస్తకాలు పంచడం మాత్రం కుదరదు. ఇది మన క్రైస్తవ కుటుంబాలకూ వర్తిస్తుంది. గుడికి వెళ్లాలనే ఉంటే మస్కట్‌లో శివాలయం ఉంది, అబూధాబీలో 2024 ఫిబ్రవరిలో పెద్ద మందిరం తెరిచారు. సౌదీలో లేవు.

మక్కా నగరంలోకి ముస్లింలు తప్ప ఎవరూ వెళ్లకూడదు. రోడ్డు మీద పెద్ద బోర్డులుంటాయి. జెద్దా నుంచి తాయిఫ్ చూడ్డానికి వెళ్లేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి, దగ్గరి దారి మక్కా మీదుగానే పోతుంది, మనం చుట్టూ తిరిగే దారి పట్టుకోవాలి. ఎక్కకముందే డ్రైవర్‌కి చెప్పండి. మదీనాలో ప్రవక్త మసీదు చుట్టూ ఉన్న ప్రాంతానికీ అదే నియమం.

రంజాన్ నెలలో వెళ్తే పగలు బయట ఏమీ తినకూడదు, తాగకూడదు, సిగరెట్ కాల్చకూడదు. మంచినీళ్లు కూడా. షుగర్ ఉన్నవాళ్లు పగలు ఇంట్లోనే ఉండి, సాయంత్రం అజాన్ అయ్యాక బయటికి వెళ్లండి, అప్పుడే ఊరంతా మేల్కొంటుంది. కువైట్‌లో ఉన్నవాళ్లకు ఇంకా జాగ్రత్త కావాలి, అక్కడ రంజాన్ పగలు బహిరంగంగా తింటే 100 దీనార్ల వరకు జరిమానా గానీ నెల వరకు జైలు గానీ వేస్తారని 1968 నుంచే చట్టం ఉంది.

చిన్న చిన్న మర్యాదలు మనకు కొత్తేమీ కాదు. కుడిచేత్తో తినడం, ఇంట్లోకి చెప్పులు విప్పి వెళ్లడం, పెద్దవాళ్లకు కాలు చూపించకుండా కూర్చోవడం మనకూ ఉన్నవే. విజయనగరంలో బాబామెట్ట దర్గాకి వెళ్లినప్పుడు గొంతు తగ్గించి, అణకువగా ఉంటాం కదా, అలాగే ఉండండి. నమాజ్ చేస్తున్న మనిషి ముందునుంచి నడవకూడదు. మగవాళ్లు అక్కడి ఆడవాళ్లకు చెయ్యి చాచకూడదు, భార్య ఎలా ఉందని అడగకూడదు. "ఇంట్లో అందరూ కులాసానా" అంటే సరిపోతుంది. సౌదీ జెండా మీద వాళ్ల కలిమా, అంటే ఇస్లాం విశ్వాస వాక్యం, రాసి ఉంటుంది. సెప్టెంబర్ 23న జాతీయ దినోత్సవానికి పిల్లలకు జెండాలు పంచుతారు, వాటిని కింద పడేయనివ్వకండి, మీద కూర్చోనివ్వకండి.

మా పక్కింటి సౌదీ ఆవిడ నన్ను మొదటిసారి పిలిచినప్పుడు ఖర్జూరాలు పెట్టి, పిడి లేని చిన్న కప్పులో అడుగున కాస్త కాఫీ పోసింది. లేత పసుపు రంగు, పంచదార లేదు, ఏలకుల వాసన. తాగి కప్పు ఇవ్వగానే మళ్లీ పోసింది. వాళ్లను చూసి నేర్చుకున్నాను, చాలనుకుంటే కప్పును కుడిచేత్తో అటూ ఇటూ కొద్దిగా ఊపి ఇవ్వాలి. అసలు వద్దనడం బాగుండదు, ఒక్క కప్పయినా తాగండి. చేదుగా ఉంటే ఖర్జూరం నోట్లో ఉండగానే తాగండి. నాకిప్పటికీ ఆ కాఫీ మీద మనసు పోతుంది.

విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లు పని చేయకూడదు, రోజు కూలి అయినా సరే. "విజిట్ మీద పంపిస్తాం, అక్కడ మార్పించేస్తాం" అని మన జిల్లా కుర్రాళ్ల దగ్గర డబ్బు తీసుకునే ఏజెంట్లను నమ్మకండి. భారత ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్‌లో ఆ ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. వీసా కాగితం మీద గడువు తేదీ ఒకటి, దేశంలో ఉండనిచ్చే రోజులు ఒకటి, రెండూ వేరు. రెండూ ఓ కాగితం మీద తెలుగులో రాసుకుని, పాస్‌పోర్టు నకలు, అబ్బాయి ఇకామా (అక్కడి నివాస అనుమతి కార్డు) నకలు, ఇంటి అడ్రస్ అరబ్బీలో రాయించిన చీటీ కలిపి ఒక కవర్లో ఉంచుకోండి. ఆ కవరు, మందుల చీటీ ఎప్పుడూ మీ చేతి సంచిలోనే ఉండాలి, సూట్‌కేసులో కాదు.