ఫిలడెల్ఫియాలో ఆ తొమ్మిది పేర్ల గోడ

ఫిలడెల్ఫియా వెళ్ళే మనవాళ్ళలో చాలామంది లిబర్టీ బెల్ దగ్గర ఫోటోలు దిగి, పక్కనే ఉన్న మొండిగోడల వైపు చూడకుండానే వెళ్ళిపోతారు. నేను వెళ్ళింది ఆ గోడల కోసమే.

దారిలో ముందు ఇండిపెండెన్స్ హాల్ చూశాం. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు, ఎదురుగా అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ కూర్చున్న కుర్చీ. 1787 వేసవిలో అమెరికా రాజ్యాంగం రాస్తూ కేంద్రానికి ఏ అధికారాలు, రాష్ట్రాలకు ఏవి అని తేల్చుకున్న గది ఇది. జనాభా లెక్కలో ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కగట్టి చట్టసభలో దక్షిణాదికి సీట్లు పెంచిందీ, 1808 దాకా బానిసల దిగుమతిని కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) నిషేధించకూడదన్నదీ, పారిపోయినవాళ్ళను పట్టి అప్పగించాలన్నదీ ఇక్కడే. ఓటులేని మనిషిని లెక్కలో చూపి యజమాని బలం పెంచుకోవడం! ఆ గదిలో నిలబడి తలుచుకుంటుంటే కడుపు రగిలిపోయింది.

పక్క భవనం కాంగ్రెస్ హాల్. ఫిలడెల్ఫియా రాజధానిగా ఉన్న పదేళ్ళూ ఉభయసభలు కూర్చున్నది ఇందులోనే. పరారీ బానిసల చట్టం ఇక్కడే నెగ్గింది. 1793 ఫిబ్రవరి 12న వాషింగ్టన్ సంతకం పెట్టాడు. జ్యూరీ లేదు. జడ్జినో మేజిస్ట్రేటునో యజమాని నమ్మిస్తే చాలు, మనిషిని తీసుకుపోవచ్చు. అడ్డుపడితే 500 డాలర్ల జరిమానా.

అక్కడి నుంచి మార్కెట్ వీధి దాకా నడక కొంచెమే. ఆ మొండిగోడలు అధ్యక్షుడిగా వాషింగ్టన్ కాపురమున్న ఇంటి గుర్తులు. అద్దాల కింద పాత పునాదులు కనబడతాయి. ఆయన ఇక్కడికి తెచ్చిన తొమ్మిదిమంది బానిసల పేర్లు గోడ మీద చెక్కారు. ఒక్కొక్కటే పైకి చదివాను.

ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రం బానిసత్వాన్ని క్రమంగా రద్దుచేస్తూ 1780లోనే తన చట్టం చేసుకుంది. పై రాష్ట్రం నుంచి తెచ్చిన బానిస ఆరు నెలలు ఇక్కడుంటే స్వేచ్ఛ కోరవచ్చు. కాంగ్రెస్ సభ్యులకు మినహాయింపు ఉంది, అధ్యక్షుడికి లేదు. అందుకే గడువు నిండకముందే వాళ్ళను రాష్ట్రం దాటించి మళ్ళీ తెచ్చేవారు. అలా తిప్పకూడదని 1788లో సవరణ కూడా వచ్చింది. అయినా ఈ ఏర్పాటు గుట్టుగా సాగాలని 1791లో వాషింగ్టన్ తన కార్యదర్శికి రాశాడు. రాష్ట్ర చట్టానికి దేశాధ్యక్షుడే కన్నుగప్పాడు. ఆయన మీద నాకున్న గౌరవం ఇక్కడ తగ్గింది, దాచుకోను.

ఆ తొమ్మిదిమందిలో ఓనీ జడ్జ్ ఒకరు. మార్తా వాషింగ్టన్ పనిమనిషి, ఇరవై దాటిన పిల్ల. తనను మార్తా మనవరాలికి ఇచ్చేస్తారని తెలిసి, 1796 మే 21న దొరలు భోజనాల దగ్గరుండగా ఇంట్లోంచి బయటపడింది. ఓడెక్కి న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. ఆమెను వెనక్కి రప్పించమని వాషింగ్టన్ ఖజానా మంత్రికి చెబితే, ఆయన అక్కడి కస్టమ్స్ అధికారి విపుల్‌కు పని అప్పగించాడు. ఒక ఆడపిల్ల కోసం ప్రభుత్వ యంత్రాంగం కదిలింది! విపుల్ ఆమెతో మాట్లాడాడు. బలవంతంగా మాత్రం ఓడ ఎక్కించలేదు. తరువాత 1799లో బంధువును పంపినా ఆమె దొరకలేదు.

ఓనీ అక్కడే పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, 1848లో న్యూహాంప్‌షైర్‌లోనే చనిపోయింది. చట్టం దృష్టిలో చివరిదాకా ఆమె పరారీ బానిసే. ఆమె పిల్లలూ బానిసల కిందే లెక్క.