రైట్ ఆఫ్ చేశాను, మాఫీ చేయలేదు

బ్యాంకులో క్యాష్ కౌంటర్ మీద కూర్చునేవాళ్లకి సాయంత్రం అయ్యేసరికి ఒకటే భయం, టాలీ అవుతుందా లేదా అని. పోయినేడాది ఒక ఒకటో తారీఖున, పెన్షన్ల రద్దీలో, నాకు 20,000 తగ్గింది. మూడుసార్లు లెక్కపెట్టాను, కట్టలు విప్పి మళ్లీ మెషిన్‌లో వేశాను, కౌంటర్ కింద చెత్తబుట్ట కూడా తిరగేశాను. మా ఆఫీసర్ సార్ సీట్లోంచి లేవకుండానే, ఇంకా నలుగురు కస్టమర్లు ఉండగా, "లెక్కపెట్టడం రానివాళ్లు కౌంటర్లో ఎందుకు కూర్చుంటారమ్మా" అన్నారు. ఏటీఎంకి వెళ్లి నా డబ్బులే తీసి కట్టేసి ఇంటికి పోయాను.

నాలుగో రోజు తేలింది. ఆరోజు మధ్యాహ్నం తనకి బాగా తెలిసిన ఒక షాపాయనకి "40,000 ఇచ్చెయ్యమ్మా, వోచర్ పంపిస్తా" అని సారే చెప్పారు, ఇచ్చాను (వోచర్ అంటే ఇంత ఇవ్వమని రాసిన కాగితం, అది లేకుండా ఇవ్వడం నా తప్పే, కాదనను), తర్వాత వచ్చిన వోచర్ మాత్రం 20,000కే, ఆ హడావుడిలో నేనూ చూసుకోలేదు. షాపాయన మంచివాడు కాబట్టి పాస్‌బుక్ చూసుకుని డబ్బు వెనక్కి తెచ్చాడు. సార్ ఆ డబ్బుని ఒక పాత శుభలేఖ కవర్లో పెట్టి, దాని మూలన పసుపు ఇంకా అంటుకునే ఉంది, నా కౌంటర్ మీద పెట్టేసి టీకి వెళ్లిపోయారు. ఒక్క మాట లేదు. డబ్బు లెక్క సరిపోయింది, నలుగురి ముందు అన్న మాట లెక్క అలాగే ఉండిపోయింది.

క్షమించేశాననే అనుకున్నాను. అడిగినవాళ్లకి అదే చెప్పాను. కానీ రోజూ గిన్నెలు తోముతూ ఆయనతో వాదించేదాన్ని, గిన్నెల చప్పుడు పెరిగితే మా ఆయన హాల్లోంచి "ఇవాళ కూడా సార్‌ని ఇంటికి తీసుకొచ్చావా?" అనేవాడు. ఆఫీసులో ఆయన సిస్టమ్ హ్యాంగ్ అయితే లోపల చిన్న సంతోషం. ఆయన అడిగిన కాగితం చేతికందేంత దూరంలోనే ఉన్నా, పది నిమిషాలు వెతికినట్టు చేసి ఇచ్చేదాన్ని.

మాది గుంటూరు వైపు లూథరన్ సంఘం. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చినప్పటి నుంచీ అనను గానీ, మా అమ్మమ్మ వాళ్లమ్మ కాలం నుంచి ఇంట్లో అందరికీ యేసు నేర్పిన పరలోక ప్రార్థన నోటికొచ్చు. నోటికొచ్చింది చెవికెక్కదు, అదే సమస్య. ఒక ఆదివారం చర్చిలో ప్రభు రాత్రి భోజన సంస్కారానికి ముందు అందరితో పాటు చెప్తూ, "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము" దగ్గర ఆగిపోయాను. ఋణములు! పద్నాలుగేళ్లుగా అప్పుల కాగితాల మధ్య బతుకుతున్నదాన్ని, ఆ మాట ఇన్నేళ్లూ నన్ను ఎలా దాటిపోయిందో.

బ్యాంకు సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. అప్పు వాయిదా 90 రోజులు దాటి కట్టకపోతే అది మొండి బాకీ కింద లెక్క. ఇంకా రాకపోతే ఎప్పటికో రైట్ ఆఫ్ చేస్తాం. పేపర్లో అది చదివి జనం "వాళ్లకి మాఫీ చేసేశారు" అని తిట్టుకుంటారు గానీ, పుస్తకాల్లోంచి తీశామనే తప్ప వసూలు ఆపామని కాదు, నోటీసులు వెళ్తూనే ఉంటాయి. నేను సార్‌కి చేసింది అదే. మాఫీ వేరు. 2008లో కేంద్రం రైతుల అప్పులు మాఫీ చేసినప్పుడు అవి గాల్లో కలిసిపోలేదు, రైతు బదులు ప్రభుత్వం కట్టింది. ఎవరో ఒకరు కట్టాల్సిందే. సిలువ గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా ఎక్కనిది ఆరోజు ఎక్కింది. నా బాకీ ప్రభువు కట్టేశాడు, నేను మాత్రం పక్క సీటాయన దగ్గర వడ్డీతో సహా వసూలుకి తిరుగుతున్నాను.

ఇంటికెళ్లి బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయం తీశాను. పదివేల తలాంతుల అప్పు రాజు వదిలేస్తే, బయటికొచ్చి నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకుంటాడే, ఆ దాసుడి కథ. దేనారం అంటే ఒక రోజు కూలీ, తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. క్యాలిక్యులేటర్ తీశాను, అలవాటు కదా. ఒకవైపు 6 కోట్ల రోజుల కూలీ, ఇంకోవైపు 100 రోజులది. అందరూ ఆ 6 కోట్ల గురించే చెప్తారు, నన్ను పట్టుకున్నది మాత్రం ఆ 100. అదేం చిన్న మొత్తం కాదు, ఉపాధి హామీలో వంద రోజులు మట్టి తవ్విన ఏ అక్కనైనా అడగండి. ఆ బాకీ అసలు లేదని యేసు అనలేదు. మా స్త్రీల సమాజంలో ఒకావిడ "పోనీలేమ్మా, అందులో ఏముంది, ప్రార్థన చేసుకో" అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది అందుకే. ఏమీ లేకపోతే మాఫీ దేనికి?

అదే అధ్యాయంలో కాస్త పైన, తప్పు చేసినవాడి దగ్గరికి వెళ్లి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమని ఉంది. రెండు వారాలు ధైర్యం చాల్లేదు. ఒక సాయంత్రం క్యాష్ లోపల పెట్టడానికి ఇద్దరం చెరో తాళంచెవి పట్టుకుని స్ట్రాంగ్ రూమ్‌కి వెళ్లాం. "సార్, ఆరోజు మీరన్న మాటకి చాలా బాధపడ్డాను. చెప్పకపోతే మీ మీద కోపం పెంచుకుంటూనే ఉంటాను, అందుకని చెప్తున్నా" అన్నాను. గొంతు వణికింది. ఆయన తాళం తిప్పుతూ "ఆరోజు పైనుంచి ఒకటే టెన్షన్ అమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నారు. సారీ అనలేదు. నేను ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే. బస్సులో కూర్చున్నాక అనిపించింది, రాని బాకీనే కదా మాఫీ చేసేది, వచ్చేస్తే దాన్ని చెల్లింపు అంటాం.

మాఫీ చేశానని మళ్లీ అప్పు మాత్రం ఇవ్వను. ఆ తర్వాత రెండుసార్లు "ముందు ఇచ్చెయ్యమ్మా" అన్నారు. "వోచర్ రానివ్వండి సార్" అన్నాను. మొహం చిట్లించారు, వోచర్ వచ్చింది.

ఆ పసుపు మూల కవరు డ్రాయర్లోనే దాచి ఉంచాను ఇన్నాళ్లూ, ఎందుకో మీకు తెలుసు, సాక్ష్యం. మొన్న రబ్బరు బ్యాండ్ల కోసం వెతుకుతుంటే చేతికి తగిలింది. చింపి కౌంటర్ కింద బుట్టలో వేశాను. చింపేటప్పుడు కూడా కొంచెం కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు.