రైలీ పొలంలో ఏడు సమాధులు

షెఫీల్డ్ దాటగానే బస్సు కొండెక్కింది. రెండు పక్కలా చెట్టన్నది లేని బీడు, దాని మీద కనుచూపు మేర ఊదారంగు హెదర్ పూలు. అక్క కిటికీ పక్కన కూర్చుంది. తను షెఫీల్డ్‌లోనే నర్సు, 2020లో కోవిడ్ వార్డులో పనిచేసింది. ఈమ్ చూడాలని ఉందని నేను ఫోన్‌లో అన్నప్పుడు కాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్లూ ఇంత దగ్గర్లో ఉండి కూడా వెళ్లాలంటే మనసొప్పలేదురా. నువ్వొస్తే వెళ్దాం" అంది.

ఈమ్ ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ కొండల్లో ఒక చిన్న ఊరు. 1665లో లండన్‌ను ఊడ్చేస్తున్న ప్లేగు ఇక్కడికీ వచ్చింది. పక్క ఊళ్లకు పాకకూడదని ఈ ఊరివాళ్లు తమ పొలిమేర తామే మూసుకుని లోపల ఉండిపోయారు. మొత్తం 14 నెలల్లో 260 మంది చనిపోయారు. ఈ సంగతి నేను చాలాసార్లు చదివాను. కానీ ఆ 260 అనే అంకె వెనక ఇళ్లున్నాయని, ఆ ఇళ్లు ఇంకా నిలబడి ఉన్నాయని అక్కడ బస్సు దిగాకే తెలిసొచ్చింది.

చర్చికి దగ్గర్లోనే వరసగా రాతి ఇళ్లు. ముందు పూలమొక్కలు, కిటికీలకు తెరలు. లోపల ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. ఒక్కో ఇంటి ముందు ఒక పలక, దాని మీద ఆ ఇంట్లో ఎవరెవరు ఏ తేదీన పోయారో రాసి ఉంది. మొదటిది మేరీ హాడ్‌ఫీల్డ్ ఇల్లు. ఆమె రెండో భర్త అలెగ్జాండర్ దర్జీ. అతని దగ్గర పనిచేసే జార్జ్ వికార్స్, లండన్ నుంచి వచ్చిన బట్టల మూట తడిగా ఉందని విప్పి నిప్పు దగ్గర ఆరబెట్టాడట. ఎలుకల ఒంటిని పట్టుకుని బతుకుతూ ప్లేగు అంటించే చిన్న పురుగులు ఆ మడతల్లో ఉండి ఉంటాయని ఇప్పుడు అనుకుంటున్నారు. 1665 సెప్టెంబరు 7న అతను పోయాడు. అదే నెల 22న మేరీ చిన్న కొడుకు ఎడ్వర్డ్, 4 ఏళ్లవాడు. అక్టోబరు 2న పెద్దవాడు జొనాథన్, 12 ఏళ్లు. మరుసటి ఆగస్టు 3న భర్త. మేరీ ఒక్కతే మిగిలింది. బంధువులు అందరూ కలిపి 13 మందిని పోగొట్టుకుంది.

అక్క ఆ పలకను రెండుసార్లు చదివింది. "మనిషి పోయిన పదిహేను రోజులకి పిల్లాడు. అంటే ఆ పదిహేను రోజులూ ఆవిడకి ఏమీ తెలియదు" అంది. ఆ ఇంటి తలుపు తెరుచుకుని ఒకామె చేతిలో సంచితో బయటికొచ్చి మాకు గుడ్ మార్నింగ్ చెప్పింది. మేం గబుక్కున పక్కకు జరిగాం. ఎవరి ముంగిట్లోనో నిలబడి ఏడుస్తున్నామని ఇద్దరికీ సిగ్గేసింది. నాలుగడుగులు వేస్తే ఇంకో ఇల్లు, థార్ప్ కుటుంబానిది. తొమ్మిది మంది ఉండేవారు. తొమ్మిది మందీ పోయారు.

సెయింట్ లారెన్స్ చర్చి లోపల చల్లగా ఉంది. అప్పటి రెక్టర్, అంటే ఈ చర్చి గురువు, విలియం మాంపెసన్. ఊరికొచ్చి ఎక్కువ కాలం కాలేదు, వయసు ముప్పై లోపే. జనానికి ఆయన మీద పెద్ద గురి లేదు. వాళ్ల మనసంతా పాత గురువు థామస్ స్టాన్లీ వైపే. ప్రభుత్వం పెట్టిన ప్రార్థనా పద్ధతికి ఒప్పుకోనందుకు స్టాన్లీని పదవి నుంచి తీసేశారు. మతం విషయంలో ఎదురుబొదురు నిలబడాల్సిన ఆ ఇద్దరూ 1666 జూన్‌లో ఒక్కటై ఊరిని ఒప్పించారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే. స్టాన్లీ నోరు విప్పకపోతే కొత్తాయన మాట ఎవరు వినేవాళ్లు?

మూడు నిర్ణయాలు చేశారు. ఎవరి శవాన్ని వాళ్ల ఇంటివాళ్లే తమ పెరట్లోనో పొలంలోనో పూడ్చుకోవాలి. చర్చికి తాళం వేసి ప్రార్థన ఆరుబయట చేసుకోవాలి. ఊరి హద్దు ఎవరూ దాటకూడదు. ఎర్ల్ బిరుదున్న డెవన్‌షైర్ ప్రభువు తన చాట్స్‌వర్త్ భవనం నుంచి తిండి, సరుకులు పంపించాడు. వాటిని పొలిమేర దగ్గర దించి వెళ్లిపోయేవారు.

అంతకు ముందే మాంపెసన్ తన ఇద్దరు పిల్లల్నీ యార్క్‌షైర్ పంపించేశాడు. ఇది తెలిసినప్పుడు నా మనసు కాస్త ఇబ్బంది పడింది. వెళ్లే దారి ఉన్నవాళ్లు కొందరు వెళ్లారు, లేనివాళ్లు ఉండిపోయారు, అది కాదనలేం. కానీ భార్య క్యాథరిన్ పిల్లలతో వెళ్లలేదు, ఆయన దగ్గరే ఉండిపోయింది. ఒక సాయంత్రం నడుస్తూ గాలి ఎంత తియ్యగా ఉందో అందట. ఉత్త గాలిలో తియ్యటి వాసన తగిలితే అది ప్లేగు గుర్తని ఆ రోజుల్లో నమ్మేవాళ్లు. ఆగస్టు 25న ఆమె పోయింది. ఆమె సమాధి చర్చి ఆవరణలోనే ఉంది. దాదాపు అందరికీ మూసేసిన ఆవరణలో ఆమెకు చోటు దొరికింది.

ఊరి చివర కక్లెట్ డెల్ఫ్ అనే పచ్చటి పల్లం ఉంది. ఆరుబయట ప్రార్థనలు అక్కడే జరిగేవి. కుటుంబానికీ కుటుంబానికీ మధ్య ఎడం ఉంచి నిలబడేవాళ్లట. ఇప్పటికీ ఏటా ఆగస్టు ఆఖరి ఆదివారం జనం అక్కడికి చేరి వాళ్లను తలుచుకుంటారు. ఎమ్మట్ సిడల్ అనే అమ్మాయి, పక్కనున్న స్టోనీ మిడిల్టన్ కుర్రాడు రోలండ్ టోర్ ఈ పల్లానికే చెరో వైపు నిలబడి దూరం నుంచి చూసుకునేవారని ఊళ్లో చెబుతారు. 1666 ఏప్రిల్ చివర్లో ఆమె రావడం ఆగిపోయింది. అతను మాత్రం వస్తూనే ఉన్నాడట.

మధ్యాహ్నం పొలాల మీదుగా స్టోనీ మిడిల్టన్ కాలిబాట పట్టాం. గడ్డిలో ఒక పెద్ద బండ, దాని మీద ఆరు గుంతలు. సరిహద్దు రాయి ఇదే. ఆ గుంతల్లో వెనిగర్ పోసి, బయటి నుంచి వచ్చే సరుకులకు ఇవ్వాల్సిన నాణేలు వేసేవాళ్లు. వెనిగర్‌లో నానితే డబ్బుకు అంటిన రోగం పోతుందని వాళ్ల ఆశ. నేను ఒక గుంతలో వేలు పెట్టాను. రెండు కణుపుల దాకా దిగింది. అడుగున వాన నీళ్లు, ఎవరో వేసిపోయిన రాగి నాణెం. అంచు అరిగి నున్నగా ఉంది. రాయికి అవతల కూడా అదే గడ్డి, అవే గొర్రెలు. గోడ లేదు, కాపలా లేదు. ఒక్క అడుగు వేస్తే హద్దు దాటినట్టే. కాళ్లు ఇక్కడ ఆపుకోవడం ఎంత కష్టమో నాకు ఈ రాయి దగ్గరే అర్థమైంది.

రైలీ సమాధులు ఊరికి తూర్పున, ఎత్తు మీద. దారి ఎక్కీ ఎక్కీ ఆయాసమొచ్చింది. పొలం మధ్యలో మోకాలెత్తు రాతి గోడ, లోపల ఏడు సమాధి రాళ్లు. జాన్ హాంకాక్, అతని ఆరుగురు పిల్లలు. 1666 ఆగస్టు 3 నుంచి 10 లోపల ఏడుగురూ పోయారు. పూడ్చింది ఎలిజబెత్, ఆ పిల్లల తల్లి. ఊళ్లోవాళ్లు ఎవరూ దగ్గరకు రాలేని రోజులు. కాళ్లకు గుడ్డ కట్టి ఒక్కొక్కరినీ తనే ఈడ్చుకెళ్లిందని, స్టోనీ మిడిల్టన్ జనం కొండ మీంచి చూస్తూ ఉండిపోయారని చెబుతారు.

చర్చిలో నిర్ణయం తీసుకున్నప్పుడు ఊరంతా ఒకచోట ఉంది. దాని ఖరీదు కట్టేటప్పుడు మాత్రం ఈ పొలంలో ఆమె ఒక్కతే ఉంది.

అక్క బూటు మడమతో నేల మీద తొక్కి చూసింది. దిగలేదు. ఇంకోసారి గట్టిగా తొక్కింది. "ఎండాకాలం నేల. ఏడు గుంతలురా. ఎవరూ సాయం లేకుండా" అంది. వార్డులో ఆ రోజుల్లో పోయినవాళ్ల ఇంటివాళ్లకు తను ఫోన్ పట్టుకుని ఆఖరి చూపు చూపించిన సంగతి అప్పుడు మొదటిసారి నాతో చెప్పింది. చాలాసేపు చెప్పింది. నేను మధ్యలో ఒక్క మాటా అడగలేదు.

ప్లేగు ఆ ఏడాది నవంబరు మొదట్లో ఆగింది. చుట్టుపక్కల ఊళ్లకు పాకలేదు. ఎలిజబెత్‌కు ఇంకొక కొడుకున్నాడు. షెఫీల్డ్‌లో పని నేర్చుకుంటూ అక్కడే ఉండటంతో బతికిపోయాడు. హద్దు తెరిచాక ఆమె ఇల్లు వదిలి అతని దగ్గరికి వెళ్లిపోయింది.

అయిదు దాటాక మాకూ షెఫీల్డ్ బస్సు దొరికింది. అక్క ఈసారి కిటికీ పక్కన కూర్చోలేదు, నన్ను కూర్చోమంది. బీడు మీద ఎండ ఇంకా ఉంది.