జనాభా చూసి ఊరి స్థాయి చెప్పకండి

అమెరికాలో మధ్యస్థాయి నగరాలకు ర్యాంకులు ఇమ్మంటే చాలామంది జనాభా లెక్కలు తెరిచి పై నుంచి కిందికి చదువుకుంటూ పోతారు. ఆ లెక్కన ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ అట్లాంటాకి దాదాపు రెట్టింపు. 2020లో అక్కడ 9,49,000 మంది ఉంటే, అట్లాంటాలో 5 లక్షలకు కాస్త తక్కువ. అట్లాంటా కంటే జాక్సన్‌విల్ గొప్ప నగరమని ఎవరైనా ఒప్పుకుంటారా? 1968లో జాక్సన్‌విల్ ఊరినీ, దాని చుట్టూ ఉన్న కౌంటీనీ (మన జిల్లాలాంటిది) కలిపేశారు, అందుకే ఆ అంకె. 2007లో శివారు మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేసినప్పుడు హైదరాబాద్ రాత్రికి రాత్రే పెరిగింది చూడండి, అలాంటిదే. సెయింట్ లూయిస్‌ది దీనికి పూర్తిగా రివర్స్. అది 1876లోనే కౌంటీ నుంచి విడిపోయింది కాబట్టి ఇక హద్దు దాటి పెరిగే వీల్లేదు. 1950లో 8,56,000 మంది ఉన్న ఊళ్ళో 2020కి మిగిలింది 3 లక్షలు, కానీ చుట్టుపక్కలంతా కలిపి చూస్తే ఇప్పటికీ 28 లక్షల దాకా ఉన్నారు.

అందుకే నేను చూసేది వేరు. చేతినిండా డబ్బున్న రోజుల్లో ఆ ఊరు తనకోసం ఏం కట్టుకుంది, డబ్బు పోయాక వాటిలో ఏం నిలబెట్టుకుంది అన్నదే నాకు లెక్క.

నా లిస్టులో మొదటి స్థానం పిట్స్‌బర్గ్‌ది. ఎయిర్‌పోర్టు నుంచి వస్తుంటే ఫోర్ట్ పిట్ సొరంగం దాకా కొండలూ చెట్లూ తప్ప ఏమీ కనపడవు, సొరంగం దాటీదాటగానే వంతెన మీద ఉంటాం, ఎదురుగా డౌన్‌టౌన్ మొత్తం, పక్కనే రెండు నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోటు. అమెరికాలో ఏ ఊరూ ఇలా స్వాగతం పలకదని గట్టిగా చెప్తాను. 1980లలో ఉక్కు మిల్లులు వరసగా మూతపడ్డాయి, కానీ 1900లో ఉక్కు వ్యాపారి కార్నెగీ పెట్టిన టెక్నికల్ స్కూలే ఇవాళ్టి కార్నెగీ మెలన్ యూనివర్సిటీ అయింది, రోబోటిక్స్ అంటే ముందు చెప్పుకునే పేర్లలో అదొకటి. ఇక పెన్ హిల్స్‌లో 1970లలో కట్టిన వెంకటేశ్వరస్వామి గుడి సంగతి మనవాళ్ళకు చెప్పక్కర్లేదు.

రెండోది క్లీవ్‌లాండ్, దీని మీద జోకులేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. రాక్‌ఫెల్లర్ 1870లో స్టాండర్డ్ ఆయిల్ మొదలుపెట్టిన ఊరిది. ప్రపంచంలో మేటి ఆర్కెస్ట్రాల్లో ఒకటి ఇక్కడే ఉంది, పేరుమోసిన ఆసుపత్రి క్లీవ్‌లాండ్ క్లినిక్ ఉంది, ఆర్ట్ మ్యూజియంలోకి టికెట్టే లేదు. ఆ మ్యూజియం ముందు రోడిన్ చేసిన 'థింకర్' విగ్రహం ఉంటుంది. 1970లో ఎవరో బాంబు పెడితే పాదాలు ఎగిరిపోయాయి, కింది భాగం చిట్లి వంగిపోయింది. దాన్ని బాగుచేయకుండా అలాగే నిలబెట్టారు, వెళ్తే ఒకసారి విగ్రహం వెనక వైపు నుంచి కూడా చూడండి. ఇదే ఊళ్ళో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది, త్యాగయ్య తెలుగు కృతులు పాడటానికి ఇండియా నుంచి విద్వాంసులు అక్కడికి వస్తారు.

ఇప్పుడు కొలంబస్. అక్కడున్న మనవాళ్ళకు కోపం వస్తుందని తెలుసు. అదే ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్, సిన్సినాటి రెండూ కలిపినా జనాభాలో కొలంబస్‌ను అందుకోవు, ఉద్యోగాలు బాగుంటాయి, పిల్లల్ని పెంచుకోవడానికి హాయి, అన్నీ ఒప్పుకుంటాను. కానీ 1950ల నుంచి, నీళ్ళ కనెక్షన్ కావాలంటే ఊళ్ళో కలవాల్సిందే అని చుట్టుపక్కల భూమంతా కలుపుకుంటూ పోయిన ఊరది. అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ పెద్ద లీగుల్లో ఒక్క టీమూ లేదు, ఉన్న పేరంతా ఒహాయో స్టేట్ యూనివర్సిటీది. బతకడానికి మంచి ఊరు వేరు, పేరున్న ఊరు వేరు.

షార్లట్‌కు బ్యాంక్ ఆఫ్ అమెరికా హెడ్డాఫీసు, పెద్ద ఎయిర్‌పోర్టు ఉన్నాయి, కొలంబస్ కంటే ఒక మెట్టు పైన. నాష్‌విల్ అంతకంటే పైన, కంట్రీ మ్యూజిక్‌కి నాష్‌విల్‌లా, ఒక సంగీతానికి మొత్తానికి చిరునామా అయిన ఊరు ఇంకెన్ని ఉన్నాయి?

మూడో స్థానం కోసం మాత్రం మిస్సోరిలోనే పోటీ. కాన్సస్ సిటీకి ఫుట్‌బాల్‌లో 2020, 2023, 2024 సూపర్ బౌల్‌లు (లీగు ఫైనల్ విజయాలు) ఉన్నాయి, జోరు మీదుంది. సెయింట్ లూయిస్ నుంచి 2016లో ఫుట్‌బాల్ టీమే వెళ్ళిపోయింది. అయినా 1904లో ఒకే ఏడాది ప్రపంచ ప్రదర్శననూ ఒలింపిక్స్‌నూ జరిపిన ఊరు, ఆ ప్రదర్శన జరిగిన ఫారెస్ట్ పార్కులో ఇప్పటికీ మ్యూజియం, జూ రెండూ ఉచితం, నది ఒడ్డున 630 అడుగుల ఆర్చ్. నా ఓటు సెయింట్ లూయిస్‌కే, కాన్సస్ సిటీ నాలుగు.