మార్చి వస్తే ఆకాశం వైపే చూపు

ఉగాది దగ్గరపడితే చాలు, నా చూపు మబ్బుల మీదికే పోతుంది. 2023 మార్చి 16న మా వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు పడ్డ రాళ్ల వాన ఇంకా కళ్లముందే ఉంది. పొద్దుటి నుంచి ఒకటే ఉక్క. మధ్యాహ్నం నల్లగా కమ్ముకొచ్చింది. చల్లటి గాలి ఒక్కసారిగా కొట్టింది, ఆ వెంటనే రేకుల మీద దబదబా రాళ్లు. పక్కనే ఉన్న అమ్మ మాట కూడా వినపడలేదు. నాయన ఇంకా తోట దగ్గరే ఉన్నాడు. మెరిసిన మూడు సెకన్లకే ఉరుము, అంటే పిడుగు కిలోమీటరు దూరంలోనే. ఫోన్ కలవదు. ఆ అరగంట టెన్షన్ మాటల్లో చెప్పలేను.

తగ్గాక చూస్తే వాకిలంతా తెల్లగా పరుచుకుంది. చూసినవాళ్లు కశ్మీర్‌లా ఉందన్నారు; పంట పోయినవాళ్లకు అది అందంగా కనిపించదు. ఒక రాయి విరిచి చూశాను. నడుమ పాలలాంటి తెలుపు, చుట్టూ అద్దంలాంటి పొర, మళ్లీ తెలుపు. పైకి ఎగదన్నే గాలి దాన్ని మబ్బులోనే నిలబెట్టి పొర మీద పొర గడ్డకట్టిస్తుంది.

నాయన గోనెసంచి కప్పుకొని వచ్చాడు. "మామిడి పిందె మొత్తం నేలమీదే ఉంది బిడ్డా" అన్నాడు, అంతే. మనిషి ఇల్లు చేరాడని అమ్మ ఏడ్చేసింది.

ఇప్పుడు ఆయన ఫోన్‌లో పిడుగుల గురించి ముందే హెచ్చరించే దామిని యాప్ పెట్టాను. ఉరిమితే చెట్టు కిందికి పోవద్దని గొర్లకాపర్లకు ఆయనే చెప్తున్నాడు. ఆఖరి ఉరుము వినపడ్డాక అరగంట దాకా గడప దాటడు.