మూడు మీటర్ల రాజ్‌పుత్

మా మేడ మీది గదిలో ఒక యుద్ధనౌక ఉంది. పొడవు 2 మీటర్ల 92 సెంటీమీటర్లు, వెడల్పు 31 సెంటీమీటర్ల పైచిలుకు. నేవీలో నేను 1997 నుంచి 2001 దాకా పనిచేసిన ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌కి 1:50 స్కేల్లో నేను చేసుకున్న నమూనా అది. అసలు ఓడలో ఒక మీటరు ఇందులో రెండు సెంటీమీటర్లు. కిట్ ఏదీ లేదు. ప్రతి ముక్కా నా చేత్తో గీసి, కోసి, చిత్రిక పట్టి, అతికించినదే. నాలుగేళ్ల పైన పట్టింది.

దీని గురించి మన బడి సంచికలోనే ముందు రాయాలనిపించింది. నేను రంపం మొదటిసారి పట్టింది మన క్రాఫ్టు షెడ్డులోనే. ఎనిమిదో తరగతిలో మనందరి చేతా డస్టరు చేయించేవారు కదా, గుర్తుందా? పెన్సిలుతో గీత గీసి కోస్తుంటే మాస్టారు వెనక వచ్చి నిలబడేవారు. "గీత మీద కొయ్యకురా, పక్కన కొయ్యి. గీత బతకాలి" అనేవారు. కోత అయ్యాక గీత సగం మాయమైతే ఆ చెక్క పక్కన పడేసి ఇంకోటి ఇచ్చేవారు. కోప్పడేవారు కాదు. నాకు మూడు చెక్కలయ్యాయి. నాలుగోదానికి గీత బతికింది. ఆ డస్టరు మా తొమ్మిదో తరగతి బోర్డు దగ్గర రెండేళ్లు ఉంది.

ఇంటర్ అయ్యాక నేవీకి ఎంపికై, చిల్కాలో, ఆ తర్వాత లోనావలాలోని ఐఎన్ఎస్ శివాజీలో ట్రైనింగ్ చేసి, ఇంజిన్ రూమ్ మనిషినయ్యాను. ఒకటి రెండు ఓడలు మారి విశాఖలో రాజ్‌పుత్ ఎక్కాను.

ఆ ఓడ గురించి కొంచెం చెప్పాలి. అప్పటి సోవియట్ యూనియన్‌లో నికొలాయెవ్ షిప్‌యార్డులో కట్టారు. 1980 మే 4న జార్జియాలోని పోటి రేవులో మన నేవీలో చేరింది. అప్పటి మన రాయబారి ఐ.కె. గుజ్రాల్ ఆ కార్యక్రమానికి వచ్చారు. మొదటి కెప్టెన్ గులాబ్ మోహన్‌లాల్ హీరానందానీ. కాషిన్ తరగతి డిస్ట్రాయర్లలో మన దేశం కోసం మార్పులు చేసి కట్టిన ఐదింటిలో ఇది మొదటిది. నాలుగు గ్యాస్ టర్బైన్లు, పంకాలు తిప్పే రెండు షాఫ్టులు, 35 నాట్ల (గంటకి సుమారు 65 కిలోమీటర్ల) దాకా వేగం. గ్యాస్ టర్బైన్ అంటే విమానం ఇంజిన్‌కి చుట్టమే. అది పీల్చే గాలి, వదిలే వేడి చాలా ఎక్కువ. అందుకే ఈ ఓడలకి అంత పెద్ద పొగగొట్టాలు. రెండు జతలు, నాలుగు గొట్టాలు, ఒక్కో జతలో రెండూ చెరో వైపుకి వాలి ఉంటాయి. టర్బైన్లు స్టార్టయితే ఈల లాంటి ఒక సన్నటి శబ్దం పైకి లేస్తుంది. రష్యన్ నావికులు ఈ తరగతి ఓడల్ని 'పాడే ఫ్రిగేట్లు' అని పిలుచుకునేది అందుకే. నాలుగేళ్లు ఆ పాట కిందే నా వాచ్‌లన్నీ, అంటే డ్యూటీ వంతులన్నీ, గడిచాయి. ఇప్పటికీ ప్రెషర్ కుక్కర్ ఈల వేసే ముందు సన్నగా మొదలెడితే నా చెయ్యి ఆగిపోతుంది.

ఇంకొక్క మాట. ఓడ పేరు చెప్పగానే మన వైపు వాళ్లు చాలామంది "ఘాజీని ముంచింది అదేనా?" అని అడుగుతారు. 1971 డిసెంబరులో విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన కథలో వచ్చేది పాత రాజ్‌పుత్. బ్రిటిష్ నేవీలో రోథర్‌హామ్ అన్న పేరుతో ఉండి, స్వాతంత్ర్యం వచ్చాక మనకి వచ్చిన ఓడ అది. మా ఓడ దాని పేరు తీసుకున్న రెండోది. ఈ తేడా ఎవరైనా కలిపేస్తే నేను ఊరుకోను. ఎవరి గౌరవం వాళ్లకి ఉండాలి.

నమూనా చేయాలన్న కోరిక రిటైరయ్యాక 2013లో పుట్టింది. అప్పుడు 1:100 స్కేల్లో మొదలుపెట్టాను. అడుగు భాగం అయింది, పై డెక్కు వేశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. విశాఖ వాళ్లకి ఆ రోజు గురించి చెప్పనక్కర్లేదు. గది కిటికీ అద్దాలు, చట్రంతో సహా లోపలికి వచ్చి పడ్డాయి. రాత్రంతా వాన నీరు ఆ నమూనాలోనే. తర్వాతి వారం చూస్తే ప్లైవుడ్ పొరలు పొరలుగా విడిపోయి, ఓడ వెన్ను అరటిదొన్నెలా వంకర తిరిగింది. ఇంటి కప్పు, కరెంటు, నీళ్లు, అన్నీ చూసుకోవాల్సిన రోజులు. దాన్ని తీసి పెరట్లో పెట్టేశాను. మళ్లీ మొదలుపెట్టాలనే ఊహ కూడా ఏడేళ్లు రాలేదు.

2021 మే 21న రాజ్‌పుత్‌ని నేవీ నుంచి విరమింపజేశారు. విశాఖ నేవల్ డాక్‌యార్డులోనే జరిగింది. మా ఇంటికి పట్టుమని పది కిలోమీటర్లు లేదు. కాని కోవిడ్ రెండో వేవ్ ఉధృతంగా ఉన్న రోజులవి. కార్యక్రమం ఏదో కొద్దిమందితో, విశాఖ స్టేషన్‌లో ఉన్న నేవీ వాళ్లతో కానిచ్చారు. మాలాంటి పాతవాళ్లకి వెళ్లే వీలు లేదు. 41 ఏళ్లు సేవ చేసి, ఏడు లక్షల ఎనభై ఏడు వేల నాటికల్ మైళ్లకు పైగా తిరిగిన ఓడ. సాయంత్రం జెండా దించుతున్న ఫొటో ఫోన్‌లో చూశాను. మా ఆవిడ పక్కన కూర్చుని "మళ్లీ చెయ్యండి, ఈసారి పెద్దది" అంది. జూన్‌లో మొదలెట్టాను.

మొదట తేల్చుకోవాల్సింది స్కేలు కాదని అప్పుడే తెలిసింది. ఏ ఏడాది రాజ్‌పుత్ చేయాలి? ఓడ రాతిబొమ్మ కాదు కదా, రీఫిట్టుకొకసారి, అంటే పెద్ద మరమ్మతు జరిగినప్పుడల్లా, ఏదో ఒకటి మారుతుంది. నేను దిగిపోయాక కొన్నేళ్లకి దీని మీద బ్రహ్మోస్ క్షిపణి పరీక్షలు జరిగాయి. పాత క్షిపణి గొట్టాల్లో రెండు తీసేసి, బ్రహ్మోస్ పెట్టెలు బిగించారు. బయట దొరికే ఫొటోల్లో ఎక్కువ ఆ రూపానివే. అదే చేస్తే పని సులువు, కొలతలన్నీ కళ్లముందే ఉంటాయి. కాని అది నేను ఎక్కిన ఓడ కాదు. నా ఓడకి బ్రిడ్జి, అంటే ఓడని నడిపే గది, ఇరుపక్కలా కలిపి నాలుగు క్షిపణి గొట్టాలుండేవి. వాటి పక్కనుంచి ఒదిగి నడిచేవాళ్లం. రెండు నెలలు ఆలోచించి 2000 నాటి రాజ్‌పుత్ చేయాలని నిర్ణయించుకున్నాను. లోపలి సంగతుల జోలికి పోలేదు, అవి నేను బయటపెట్టదగ్గవి కావు. కంటికి కనిపించే బయటి రూపమే చేశాను.

వెన్నుకి 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై, దాని మీద 10 సెంటీమీటర్లకొకటి చొప్పున 28 పక్కటెముకలు. వాటి మీద టేకు బద్దలు. బద్ద వెడల్పు 10, మందం 3 మిల్లీమీటర్లు. ముక్కు దగ్గర వంపు ఎక్కువ. అక్కడ బద్దని వేడినీళ్లలో అరగంట నానబెట్టి, క్లిప్పులు పెట్టి ఒక పగలంతా ఆరనిచ్చి, అప్పుడు జిగురు పెట్టేవాణ్ని. రోజుకి రెండు బద్దలు, ఇటొకటి అటొకటి. ఒకే వైపు వరసగా వేస్తే వెన్ను ఆ వైపుకి లాగేస్తుంది. అంతా అయ్యాక లప్పం, ఎమరీ పేపరు, మళ్లీ లప్పం. విశాఖలో వానాకాలం లప్పం ఆరదు, ఎండాకాలం పగుళ్లు తీస్తుంది. దసరా దాటాక సంక్రాంతి లోపల చేసిన పనే నిలిచింది.

గది గుమ్మం లోంచి బయటికి తేవాలి కాబట్టి ఓడని మొదటి నుంచే రెండు ముక్కలుగా కట్టాను. రెండు జతల పొగగొట్టాల మధ్య కోత. నాలుగు బోల్టులు బిగిస్తే ఒకటవుతుంది. ఆ కోత గీత ఈ ఓడ మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువ భయంతో కోసిన గీత. చేతిలో చెమట పట్టేసింది. గీత బతికింది.

చిన్న సామాన్లు ఎక్కడెక్కడో దొరికాయి. ముందు తుపాకీ జంట గొట్టాలకీ, జలాంతర్గామి మీద రాకెట్లు వేసే లాంచర్లకీ పాత ట్రాన్సిస్టర్ రేడియో యాంటెన్నాలు. లాగేకొద్దీ సన్నబడే ఇత్తడి గొట్టాలవి. కావాల్సిన లావు చూసుకుని కోసుకోవడమే. ఒక్కో లాంచరుకి పన్నెండు నోళ్లు, రెండు లాంచర్లు, మొత్తం 24. పూర్ణా మార్కెట్ దగ్గర రేడియో రిపేరు షాపులో ఉన్నవన్నీ నేనే కొనేశాను. రెయిలింగులకి మోటారు వైండింగ్ చేసే రాగి తీగ. వెనక మాస్తు (నిలువు స్తంభం) మీది పెద్ద రాడారుకి టీ వడకట్టే జల్లెడ. లైఫ్ రాఫ్టు డబ్బాలూ, తాళ్లు కట్టే గుంజలూ ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లేతు మీద తిప్పించాను. ఆ కళాకారుడికి డ్రాయింగు ఇస్తే కాసేపు చూసి "ఇది ఏ బొమ్మకి బాబూ?" అన్నాడు. నేను సంగతి చెప్పాక డబ్బులు తీసుకోనన్నాడు. బలవంతాన ఇచ్చాను. వాళ్ల చెయ్యి ఉండటం వల్ల నా ఓడలో మన వైపు చెట్టు ముక్క కూడా ఉంది.

ఎక్కువ కాలం తీసుకున్నవి పొగగొట్టాలే. ఒక్క ఆ నాలుగింటికే ఐదు నెలలు. మొదటి జత జ్ఞాపకం మీద చేసేశాను. వాటి కిందే బతికినవాడికి ఫొటో దేనికి అనుకున్నాను. ప్రైమరు కూడా కొట్టేశాను. శ్రీకాకుళంలో ఉండే నా మెస్‌మేటు, ఓడలో నాతో కలిసి ఉన్నవాడు, ఒకరోజు చూడ్డానికి వచ్చాడు. కాఫీ తాగుతూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వంగి, కన్ను డెక్కు మట్టానికి ఆనించి చూశాడు. "మామా, మన గొట్టాలు ఇంకా వాలి ఉండేవి. నువ్వు నిటారుగా పెట్టేశావు" అన్నాడు. తన దగ్గరున్న పాత ఫొటో ఒకటి ఫోన్‌లో తీశాడు. మేమిద్దరం, వెనకాల గొట్టం. కోణమానిని పెట్టి చూస్తే నాది నాలుగు డిగ్రీలు తక్కువ. మర్నాడు జతంతా ఊడదీశాను. ఎందుకు పొరబడ్డానో తర్వాత తట్టింది. మేం దాన్ని ఎప్పుడూ కిందినుంచి, దగ్గర్నుంచి చూసినవాళ్లం. అలా చూస్తే నిటారుగానే అనిపిస్తుంది.

రంగు మాత్రం త్వరగా అయిపోయింది. నీటి మట్టం కింద ఎరుపు, దానిపైన నల్ల పట్టీ, పైనంతా లేత బూడిద. పక్కన డి-51 అంకె.

బద్దలు మూయక ముందు, వెనక ఇంజిన్ రూమ్ వచ్చే చోట ఒక పక్కటెముక మీద నాతో వాచ్ చేసినవాళ్ల పేర్లు పెన్సిలుతో రాశాను. పదకొండు మంది. ఇద్దరు ఇప్పుడు లేరు. ఆ పేర్ల కింద మన క్రాఫ్టు మాస్టారి పేరు కూడా రాశాను. ఆయన నేవీ మనిషి కాకపోయినా నాకు ఆ చోటే సరైనదనిపించింది.

సంక్రాంతికి జరిగే మన కలయికకి ఓడని తెస్తున్నాను. చంపావతి దాటాక మన ఊరి రోడ్డు గతుకులు కాబట్టి రెండు ముక్కలకీ థర్మాకోల్ పరుపులున్న పెట్టెలు చేయించాను. కమిటీ వాళ్లకి ఒక్క మనవి. పాత క్రాఫ్టు షెడ్డులో పెడితే బాగుంటుంది. క్లాసుల్లోని ఒక బల్ల సరిపోదు. ఒకే ఎత్తున్న బల్లలు రెండు పొడుగ్గా కలిపి వేయించండి. మట్టం సరిచూసే లెవెల్ గొట్టం నేనే తెచ్చుకుంటాను. బోల్టులు బిగించడానికి ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు కావాలి, ఉదయం తొమ్మిదికల్లా.