నొక్కకుండా రాసే సుఖం

ఫౌంటెన్ పెన్నులో నాకు అన్నిటికంటే నచ్చేది, నొక్కి రాయనవసరం లేకపోవడం. బాల్ పెన్నుకు వేళ్లు బలం పెట్టాలి. ఇక్కడ పాళీ కాగితాన్ని తాకితే చాలు, దాని చీలిక గుండా సిరా తనంతట తానే దిగుతుంది. పాళీ కింద ఉండే ముక్కలోని సన్నని కాలువలు సిరాను కిందికి, గాలిని పైకి పంపుతుంటాయి. లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందిన ఏర్పాటు ఇలాంటిదే. ఇప్పటి పెన్నుల్లోనూ సూత్రం మారలేదు.

ఫోనులో రెండు మాటలతో తేలిపోయే క్షేమసమాచారం ఉత్తరంలో నాలుగు పేజీలవుతుంది. కొట్టివేతలు అలాగే ఉంచేస్తాను. ఏ మాట దగ్గర తటపటాయించానో చదివేవారికి తెలిస్తే నష్టమేమిటి?

కవర్లు పాత క్యాలెండర్ కాగితాలతో నేనే మడుస్తాను. ఆ నున్నటి కాగితం మీద సిరా త్వరగా ఆరదు, చెయ్యి తగిలితే చిరునామా అలుక్కుపోతుంది. అందుకే మామూలు తెల్ల కాగితం ముక్క అతికించి దానిమీద రాస్తాను, అదీ నీటికి చెదరని సిరాతో. ఉత్తరం వానలో తడిసినా చేరాలి కదా!

ఒక్క జాగ్రత్త: బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు ఈ పెన్నుల్లో పోయకండి. అది ఎండితే కాలువలు పూడుకుపోతాయి. కొన్నాళ్లు వాడకపోతే చల్లని నీళ్లతో కడిగి పెట్టాలి. కొందరికి ఇదంతా చాకిరీ. నాకు మాత్రం సగం సరదా అందులోనే ఉంది.

ప్రస్తుతం ఇద్దరు మిత్రులకు జవాబులు బాకీ ఉన్నాను. ఒకరిది ఎంత సన్నని రాతంటే, చదవడానికే సాయంత్రమంతా పట్టింది.